మా నాన్నది ఏ జిల్లా?

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని, సెలవులకొచ్చిన మన సంఘం వాళ్లమంతా సాయంత్రం అమలాపురంలో కలిశాం కదా. తెర కట్టి ‘గుడ్ బై, లెనిన్!’ వేశారు. 2003 నాటి జర్మన్ సినిమా. తూర్పు బెర్లిన్‌లో ఒకావిడ గుండెపోటుతో స్పృహ తప్పి ఎనిమిది నెలలకి లేచేసరికి, గోడ కూలిపోయి ఆవిడ నమ్ముకున్న దేశమే మాయమవుతూ ఉంటుంది. తెలిస్తే గుండె ఆగుతుందని కొడుకు ఆ గదిలో పాత దేశాన్నే నడిపిస్తాడు, కొత్త దోసకాయ ఊరగాయని పాత సీసాల్లోకి మార్చి మరీ.

పడీపడీ నవ్వాం. తర్వాత వక్త ‘రాష్ట్రం’ అనగానే ముందు వరసలోంచి మా నాన్న లేచి, పిడికిలెత్తి, “జై ఆంధ్ర!” అన్నారు. తొమ్మిదికల్లా వీడియో మన వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద నవ్వు బొమ్మలు. “అంకుల్ ఏ పార్టీ?” అని ఒకరు.

అది పార్టీ కేక కాదు, ఆంధ్ర వేరే రాష్ట్రం కావాలన్న 1972 ఉద్యమం నాటిది. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనల గొడవలో కాకినాడలో చదువుతూ లాఠీ దెబ్బ తిన్నారు; ఎడమ మోచెయ్యి ఇప్పటికీ సరిగ్గా చాచలేరు. ఇదే మనిషి 2013లో సమైక్యాంధ్ర టెంటులో రిలే దీక్షకి కూర్చున్నారు. ఆ ముక్క ఆయన జ్ఞాపకంలోంచి పూర్తిగా పోయింది. (రెండూ ఒకరే ఎలా చేశారని అడక్కండి. మీ ఇంట్లోనూ ఒకరుంటారు.)

మతిమరుపు పరీక్షలో డాక్టరు “ఏ జిల్లా?” అన్నాడు. “ఆయ్, తూర్పు గోదావరండి.” కాగితం మీద సున్నా. 2022 ఏప్రిల్ నుంచి మాది కోనసీమ. నన్నడిగినా తూర్పు గోదావరి అనే చెప్పేవాణ్ణి.

రోజూ పొద్దున్నే, ఇంకా ఆ 1972 ఉద్యమంలోనే ఉన్నట్టు, “రైళ్లు నడుస్తున్నాయా?” అంటారు. “లేదండీ, ఆపేశారు” అంటుంది అమ్మ. తృప్తిగా కాఫీ తాగుతారు. మొదట్లో నేను తేదీలు చెప్పి దిద్దేవాణ్ణి. ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకున్నారు: “అయితే మనవాళ్లు ఊరుకున్నారా?” అప్పట్నుంచి నేనూ రైళ్లు ఆపేస్తున్నాను.

సభలో నినాదాలొద్దన్న మన నియమం మంచిదే. వీడియో పెట్టిన కుర్రాడిది చెడ్డ బుద్ధి అనీ అనను. కానీ బాబూ, అది తీసెయ్యి. వచ్చే సంక్రాంతికీ నాన్నని తీసుకొస్తాను, ముందు వరసకే. పక్కన కూర్చున్నవాళ్లని రైళ్ల సంగతి అడుగుతారు. ఆగిపోయాయని చెప్పండి.