చెరువులో యూరియా చల్లమంటున్న మహానుభావుడికి

గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్. "పచ్చదనం పెరిగితే మేసేవి పెరుగుతాయి, మేసేవి పెరిగితే వాటిని తినేవి పెరుగుతాయి. పాలమూరు, నల్లగొండ బీళ్లన్నీ ఒకేలా పచ్చగా మార్చండి, చెరువుల్లో యూరియా చల్లండి. చేపలు, కొంగలు, పులులు అన్నీ వస్తాయి. జంతువులు మారాలంటే కోట్ల ఏళ్లు పడుతుంది కాబట్టి నష్టమేమీ లేదు." జువాలజీ చదివిన దోస్తు కూడా ఇదే పంపితే ఏమనాలి?

పులుల సంగతి: అమ్రాబాద్‌లో ఉన్నాయి, చాలు. క్లాక్ టవర్ దాకా రానక్కర్లేదు.

మేత పెరిగితే ఆహార గొలుసు, అంటే ఒకదాన్ని ఇంకోటి తినే వరుస, పొడుగవుతుందన్నదాంట్లో సగం నిజం ఉంది. ఒక్కో మెట్టు ఎక్కేసరికి తిండిలోని శక్తిలో దక్కేది సుమారు పదో వంతే, అందుకే మరీ ఎండిన చోట పైమెట్టు జంతువుకు తిండి చాలదు. కానీ ఉత్తర అమెరికాలో 25 సరస్సులు పరిశీలించి 2000లో శాస్త్రవేత్తలు తేల్చింది వేరు: గొలుసు పొడవు సరస్సు ఎంత పెద్దదన్నదాన్ని బట్టి ఉంది, ఎంత సారవంతమన్నదాన్ని బట్టి కాదు.

బీడు వృథానా? మక్తల్ వైపు కృష్ణజింకలను అడగండి. దూరం నుంచే తోడేలును చూసి పరుగెత్తి బతికే జంతువు అది, దట్టమైన అడవిలో ఏం చేస్తుంది? (చేను మేస్తే రైతు కడుపుమంట న్యాయమే, అది వేరే గొడవ.) "ఒకేలా" అన్న మాటే అసలు తప్పు. 1958లో హఫేకర్ అనే శాస్త్రవేత్త నారింజ పండ్ల మీద నల్లిని (పంటకు పట్టే అతి చిన్న పురుగు), దాన్ని తినే ఇంకో నల్లిని వదిలాడు; మన బత్తాయి రైతులకు నల్లి గురించి నేను చెప్పాలా? సాఫీగా ఉన్న చోట తినేది మొత్తం తినేసి తానూ ఆకలితో పోయింది. మధ్యలో వాజిలిన్ అడ్డాలు, తినబడే నల్లి గాలిలో తేలి తప్పించుకోవడానికి పుల్లలు పెడితేనే రెండూ చాలాకాలం నిలిచాయి.

ఇక యూరియా. బస్తా కోసం లైన్లో చెప్పులు పెట్టే ఊళ్లలో చెరువుకు చల్లమంటున్నాడు! చల్లితే ముందు నీళ్లు పచ్చగా అవుతాయి, అందరూ ఫోటోలు తీస్తారు. రాత్రి ఆ నాచే నీళ్లలోని ఆక్సిజన్ పీల్చేస్తుంది, చచ్చి కుళ్లితే మిగిలింది కూడా పోతుంది. తెల్లారేసరికి రవ్వులు, బొచ్చెలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. గాలి పీల్చగల కొర్రమీను కొన్నాళ్లు బతుకుతుందేమో, మరి తినడానికేముంటుంది? అతిగా మేపితే తినేదీ, తినబడేదీ ఎగసిపడి చివరికి రెండూ పోవచ్చని రోజెన్‌జ్వీగ్ అనే శాస్త్రవేత్త 1971లోనే లెక్కగట్టి చూపాడు. అయినా లెక్కలెందుకు, మూసీ ఎన్నేళ్ల నుంచో హైదరాబాద్ మురుగుతో ఫ్రీగా ఎరువు తెస్తోంది కదా, ఈయన లెక్కన అక్కడ ఈపాటికి చేపల స్వర్గం వెలియాలి. గుర్రపుడెక్క మాత్రం బాగా వెలిసింది.

ఒకటి ఒప్పుకుంటాను: చేపల కుంటల్లో పేడ, సూపర్ ఫాస్ఫేట్, యూరియా కూడా వేస్తారు, దిగుబడి పెరుగుతుంది. కానీ కొలిచి, నీటి రంగు చూసి, అవసరమైతే ఆపేసి వేస్తారు. ఫార్వర్డ్ చదివి ఊరి చెరువులో బస్తా కుమ్మరించరు.

కోట్ల ఏళ్లట! ట్రినిడాడ్‌లో పెద్ద చేపల బెడదున్న చోటి నుంచి గప్పీ చేపల్ని 1976లో ఆ బెడద లేని పాయలోకి మార్చారు. 11 ఏళ్లకే అవి ఆలస్యంగా ఎదిగి, తక్కువ పిల్లల్ని, పెద్ద సైజులో కనడం మొదలుపెట్టాయి, అదీ వంశపారంపర్యంగా. ఒక చోట తిండి, భయం మారితే జీవి మారడానికి మన ఆయుష్షు చాలు. మురిగిన చెరువులో ఏ రకం చేప మిగులుతుందో, దాన్ని ఎవరు కొంటారో, పది మందికి పంపేముందు మత్స్యకారుల సొసైటీ వాళ్లను అడిగి రండి.