నోటీసు ఇచ్చారు సరే, తర్వాత?

"అధికారికి షోకాజ్ నోటీసు" అని పేపర్లో చూడగానే ఏదో న్యాయం జరిగిపోయినట్టు షేర్ చేసేస్తాం. షోకాజ్ అంటే నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని అడిగారు, అంతే. ఆ అధికారి ఏం చెప్పారో, నోటీసు ఇచ్చిన కమిషన్ ఏం తేల్చిందో తర్వాత ఎవరూ పట్టించుకోరు.

సమాచార హక్కు కింద అడిగింది ఇవ్వని ఆఫీసుల మీద ఫిర్యాదులు, అప్పీళ్లు వినే సమాచార కమిషన్ల సంగతే చూడండి. మానవ హక్కుల కమిషన్ లాంటివి చివరికి సిఫారసు చేసి ఊరుకోవాల్సిందే. సమాచార కమిషన్లకు ఆ ఇబ్బంది లేదు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 20 కింద నేరుగా జరిమానా వేయొచ్చు. సమాచారం ఇవ్వడానికి గడువు 30 రోజులు. సరైన కారణం లేకుండా దాటితే రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000. కట్టాల్సింది సమాచారం ఇవ్వాల్సిన ఆ అధికారే. కారణం సరైనదేనని నిరూపించుకోవాల్సిన భారం కూడా ఆయనదే. (2005లో పెట్టిన ఆ 25,000 ఇప్పటికీ అంతే. అది వేరే ఏడుపు.)

ఇంత పదునైన సెక్షన్ చేతిలో పెట్టుకుని విచారణలో చాలాసార్లు జరిగేదేంటంటే... నెలల తరబడి తొక్కిపెట్టిన కాగితాలు సరిగ్గా విచారణకు రెండు రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చేస్తాయి. "సమాచారం ఇచ్చేశాం సార్" అంటారు అధికారి. "అందిందా?" అని దరఖాస్తుదారుని అడుగుతారు కమిషనర్. అందింది. కేసు క్లోజ్!

అయ్యా, మేం ఫిర్యాదు చేసిందే ఆలస్యం మీద కదా? టెండరు ముగిసి, బిల్లులు డ్రా చేసేసి, వేసిన రోడ్డు గుంతలు పడ్డాక ఆ టెండరు కాగితాలు చేతిలో పెడితే ఏం చేసుకోవాలి? కమిషన్ నోటీసు వచ్చాక ఇస్తే చాలని ప్రతి ఆఫీసుకీ అర్థమైపోయింది. ఇక 30 రోజుల గడువుకి భయపడేదెవరు?

అధికారి మాట వినకుండా జరిమానా వేయమనడం లేదు. వినాలని చట్టమే చెప్తోంది. కానీ విననిచ్చేదెక్కడ? ఆలస్యం చేసినాయన బదిలీ అయిపోతారు. కొత్తాయన "నేనీమధ్యే వచ్చాను" అంటారు. లేదంటే ఫైలు గురించి ఏమీ తెలియని జూనియర్ అసిస్టెంట్‌ని పంపిస్తారు. వాయిదా. ఫిర్యాదు విచారణలో సివిల్ కోర్టులా సమన్లు ఇచ్చి, ప్రమాణం చేయించి అడిగే అధికారం సెక్షన్ 18 కమిషన్‌కి ఇచ్చింది. బదిలీ అయినాయన్ని పిలిపించడానికి అడ్డేంటి?

రెండో అప్పీలుకి (పై అధికారికి చేసిన మొదటి అప్పీలు తర్వాత కమిషన్‌కి వెళ్లేది) మనకు 90 రోజుల గడువుంది, దాన్ని తేల్చడానికి కమిషన్‌కి మాత్రం చట్టంలో గడువే లేదు. ఖాళీలు సకాలంలో నింపాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పినా, తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా, ఒక్క కమిషనరూ లేకుండానే గడిచింది. అన్నాళ్లూ నోటీసు ఇచ్చే దిక్కు కూడా లేకపోయిందన్నమాట.

నేను అడిగేది చిన్నదే. కేసు మూసేసే ప్రతి ఆర్డర్‌లో రెండు లైన్లు రాయండి: ఎన్ని రోజులు ఆలస్యమైంది, జరిమానా ఎంత. వేయకపోతే ఏ కారణం నమ్మారో రాయండి. మీరెవరైనా విచారణకి వెళ్తే నోటిమాటగా వదిలేయకండి. సెక్షన్ 20 కింద జరిమానా, నష్టం జరిగి ఉంటే సెక్షన్ 19(8)(బి) కింద పరిహారం కావాలని కాగితం మీద రాసివ్వండి. దాని కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి.