ర్యామ్ విందులో చివరి పంక్తి మనది

సంక్రాంతికి ముందు మా అక్క కొడుకుతో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లాను. ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు, గేమింగ్ పిచ్చి. ఏడాదిగా డబ్బులు దాచుకుని, మొన్న జూన్‌లోనే కాగితం మీద లిస్టు రాసుకున్నాడు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, క్యాబినెట్ రేట్లు గడగడా చెప్పిన షాపతను ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఫోన్ తీసి ఎవరినో అడిగాడు. "ఈ పూట రేటు ఇది సార్. సాయంత్రం వస్తే మళ్లీ కనుక్కోవాలి" అన్నాడు. బంగారం కొట్టులో వినే మాట అది. 16 జీబీ డీడీఆర్5 (ఇప్పటి తరం ర్యామ్) స్టిక్‌కి మావాడు రాసుకున్న ధర మీద అతను చెప్పింది మూడు రెట్ల పైనే ఉంది. "మామయ్యా, ఇదంతా ఏఐ వాళ్ల పనే" అన్నాడు మావాడు.

పీసీలు సొంతంగా బిల్డ్ చేసుకునే వాళ్లందరిదీ ఇప్పుడు ఇదే మాట. అబద్ధమేమీ కాదు. కానీ సగం కథ.

ముందు ఆ సగం చూద్దాం. ఏఐ సర్వర్లలో ప్రధానంగా వాడే మెమరీ మన స్టిక్‌ల మీద ఉండే రకం కాదు. దాన్ని హెచ్‌బీఎం అంటారు. డీర్యామ్ చిప్‌లను (ర్యామ్‌లో డేటా దాచే చిప్‌లు ఇవే) పెసరట్ల దొంతరలా ఎనిమిదో పన్నెండో ఒకదానిపై ఒకటి పేర్చి, నిలువునా సన్నని రంధ్రాలు చేసి కలుపుతారు. ఆ దొంతరను ప్రాసెసర్ పక్కనే కూర్చోబెడతారు. ఇంత పని ఉంది కాబట్టి సిలికాన్ ఎక్కువ పడుతుంది, తయారీలో వృథా కూడా ఎక్కువే. చిప్‌లు తయారుచేసే గుండ్రటి సిలికాన్ పలకను వేఫర్ అంటారు. ఒక జీబీ డీడీఆర్5కి పట్టే వేఫర్‌తో పోలిస్తే ఒక జీబీ హెచ్‌బీఎంకి సుమారు మూడు రెట్లు పడుతుందని మెమరీ తయారుచేసే మైక్రాన్ కంపెనీయే చెప్పింది.

ఈ లెక్కను కాస్త ముందుకు లాగి చూడండి. ఏఐ సర్వర్ల కోసం ఎన్విడియా చేసే బ్లాక్‌వెల్ అల్ట్రా చిప్ ఒక్కదానికి 288 జీబీ హెచ్‌బీఎం ఉంటుంది. కెపాసిటీ ప్రకారం అది పద్దెనిమిది 16 జీబీ స్టిక్‌లతో సమానం. వేఫర్ ప్రకారం చూస్తే ఆ మూడు రెట్ల లెక్కన 54 స్టిక్‌లు. ఆ చిప్‌లు ఒక ర్యాక్‌లో 72 ఉంటాయి. అంటే బీరువా సైజులో ఉండే ఒక్క ర్యాక్ కోసం దాదాపు 3,900 స్టిక్‌లకు సరిపోయే సిలికాన్ పోతోంది. ఇక డేటా సెంటర్ కట్టేవాళ్లు ఆర్డర్ ఇచ్చేది ఒకటీ రెండూ కాదు. 2025 అక్టోబర్ మొదట్లో చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐ దక్షిణ కొరియాలో శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో ఒప్పంద పత్రాలు రాసుకున్నప్పుడు వినిపించిన లక్ష్యం నెలకు 9 లక్షల వేఫర్లు. అది లక్ష్యమే, ఆర్డర్ కాదు. అయినా మార్కెట్‌కి ఆ మాట చాలు. పండక్కి పంచదార దొరకదని వినగానే రెండు బస్తాలు కొని పెట్టుకునేవాళ్లు అన్ని వ్యాపారాల్లోనూ ఉంటారు.

ఇక రెండో సగం. దాన్ని మనం మర్చిపోయాం, ఎందుకంటే అప్పట్లో మనకు అది పండగ. 2023లో ర్యామ్ కారుచవకగా దొరికింది. 16 జీబీ వేయిద్దామనుకున్నవాడు 32 వేయించుకున్నాడు. కరోనా కాలంలో లాప్‌టాప్‌ల గిరాకీ చూసి కంపెనీలు ఎడాపెడా తయారుచేశాయి, ఆ గిరాకీ కాస్తా పడిపోయింది, గోదాములు నిండిపోయాయి. ఆ ఒక్క ఏడాదిలో శామ్‌సంగ్ చిప్‌ల విభాగం పోగొట్టుకున్నది దాదాపు 15 లక్షల కోట్ల వాన్. మన డబ్బులో 90 వేల కోట్ల రూపాయల పైమాటే. మనం చవక అని మురిసిపోయిన ప్రతి స్టిక్ వెనకా ఎవరో నష్టానికి అమ్ముకున్నారు.

ఈ వ్యాపారం చరిత్రంతా ఇలాగే నడిచింది. జర్మనీ కంపెనీ కిమోండా 2009లో దివాలా తీసింది. జపాన్‌కి మిగిలిన చివరి పెద్ద కంపెనీ ఎల్పిడా 2012లో కుప్పకూలితే మరుసటి ఏడాది మైక్రాన్ కొనేసింది. ఇప్పుడు ప్రపంచ డీర్యామ్‌లో సింహభాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ చేతుల్లోనే ఉంది. చైనాలో సీఎక్స్‌ఎంటీ అనే కంపెనీ ఎదుగుతోంది కానీ ఈ లోటు పూడ్చే స్థాయిలో లేదు. ఈ ముగ్గురూ 2023లో చేయి కాల్చుకున్నవాళ్లే. రిటైల్ కొనుగోలుదారుణ్ని నమ్మి కొత్త ఫ్యాక్టరీ కట్టమంటే ఎందుకు కడతారు?

"వీళ్లు ముగ్గురూ కూడబలుక్కున్నారు" అనే అనుమానం చాలామందిలో ఉంది. ఊరికే పుట్టిన అనుమానం కాదు. ధరలు కుమ్మక్కై పెంచిన కేసులో అమెరికాలో 2005లో శామ్‌సంగ్ 30 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టాయి. కానీ ఈసారి కుమ్మక్కు అవసరమే లేదని నా అభిప్రాయం. ఏడాది సరుకంతా ముందే కొంటామని ఏఐ కంపెనీ వచ్చి కూర్చుంటే, ఒక్కో స్టిక్ బేరమాడే మావాడి వైపు చూడమని ఏ కంపెనీకి ఎవరు చెప్పాలి? ఎవరికి వారు లాభం చూసుకున్నా ముగ్గురూ చేరేది అక్కడికే.

2025 డిసెంబర్ 3న మైక్రాన్ మనలాంటివాళ్లకి ర్యామ్ అమ్మే తన క్రూషియల్ బ్రాండ్‌కి మంగళం పాడటం కూడా అందుకే. 1996 నుంచి సొంతంగా పీసీ బాగుచేసుకునేవాడికి నమ్మకమైన పేరది. ఆర్భాటంగా లైట్లు మెరవవు, ధర ఎక్కువ ఉండదు, పెట్టగానే పనిచేస్తుంది. ఆ వ్యాపారంలో నష్టం వచ్చిందని కాదు, అదే సిలికాన్‌కి వేరేచోట ఇంకా ఎక్కువ వస్తుంది కాబట్టి వదిలేశారు. ఈ మైక్రాన్‌కి మన హైదరాబాద్‌లో పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది, అందులో మనవాళ్లు బోలెడంతమంది. గుజరాత్‌లోని సాణంద్‌లో ప్లాంటు పెట్టారు కదా, మనకు చవకగా రాదా అని కొందరు అడుగుతున్నారు. సాణంద్‌లో జరిగేది చిప్‌ల అసెంబ్లీ, టెస్టింగ్. వేఫర్ తయారయ్యేది అక్కడ కాదు. కరువు వచ్చింది వేఫర్‌కే.

పంక్తి భోజనాల్లో చివర కూర్చున్నవాడికి గారెలు మిగిలాయంటే అది వంటవాడి దయ కాదు, ముందున్నవాళ్లు తక్కువ తిన్నారని అర్థం. రిటైల్ ర్యామ్ ఎప్పుడూ అలా మిగిలిన గారే. సర్వర్లకీ ఫోన్లకీ పోగా మనదాకా వచ్చేది. 2023 ధరను న్యాయమైన ధర అనుకుని, ఇప్పటిదాన్ని దోపిడీ అనుకోవడం దగ్గరే మన లెక్క తప్పింది. నిజానికి రెండూ మామూలు ధరలు కావు.

పోనీ పాత డీడీఆర్4కి పోదామా? డీడీఆర్4 పట్టే పాతరకం ఏఎం4 మదర్‌బోర్డులున్నవాళ్లు మొదట కాలర్ ఎగరేశారు. కానీ కంపెనీలు డీడీఆర్4ని ఎప్పుడో తగ్గించుకుంటూ వచ్చాయి. 2025 మధ్యలో హోల్‌సేల్‌లో పాతది కొత్తదాని కంటే ప్రియమైన రోజులూ వచ్చాయి. నాకు పీసీయే లేదు, ఫోనే ఉంది అనేవాళ్లకూ తప్పదు, ఎన్విడియా సర్వర్ ప్రాసెసర్లు ఫోన్లలో వాడే రకం మెమరీని కూడా వాడుతున్నాయి. పిల్లలు ప్రాజెక్టులు చేసుకునే రాస్ప్‌బెర్రీ పై కూడా 2025 డిసెంబర్‌లో రేట్లు పెంచింది. నాకు వీటన్నిటికంటే భయం లాప్‌టాప్‌ల గురించే. ధర పెంచలేక 8 జీబీని బోర్డుకే అతికించి అమ్మితే, నాలుగేళ్ల చదువుకని కొన్నవాడు తర్వాత పెంచుకునే దారే ఉండదు. ఒక చాట్ యాప్, పది బ్రౌజర్ ట్యాబ్‌లు తెరిస్తేనే ఆ 8 జీబీ చెమటలు కక్కుతోంది. సాఫ్ట్‌వేర్ రాసే మనవాళ్లు కూడా ఈ విషయంలో కాస్త సిగ్గుపడాలి.

ధర దిగదా అంటే దిగుతుంది. ఈ వ్యాపారంలో ఎక్కినదల్లా ఏదో ఒక రోజు పడింది. కాకపోతే ఫ్యాబ్ (చిప్‌ల ఫ్యాక్టరీ) కట్టడం అపార్ట్‌మెంట్ కట్టినట్టు కాదు. మైక్రాన్ ఐడహోలో కడుతున్న ఫ్యాబ్ నుంచి మొదటి వేఫర్ వచ్చేది 2027 మధ్యలోనని కంపెనీ అంచనా. 2026లో తీయబోయే సరుకు దాదాపు అంతా అమ్ముడైపోయిందని ఎస్‌కే హైనిక్స్ 2025 అక్టోబర్‌లోనే చెప్పేసింది. ఏఐ బుడగ పేలితే ర్యామ్ వరదలా వస్తుందని కాచుకు కూర్చున్నవాళ్లు ఒకటి గమనించాలి. ఇప్పటికే తయారైన హెచ్‌బీఎంని ఊడదీసి మన స్లాట్‌లో పెట్టలేం. ఫ్యాక్టరీలు మళ్లీ డీడీఆర్5 వైపు తిరగాలి, అది చేతికందడానికి నెలలు పడుతుంది.

మావాడికి ఇదంతా షాపులోనే చెప్పాను, సగం విన్నాడు. చివరికి రెండు స్టిక్‌ల బదులు ఒక్కటే కొన్నాడు. రెండు స్టిక్‌లుంటే వచ్చే డ్యూయల్ చానెల్ వేగం పోతుంది, కానీ విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంది కాబట్టి మరీ ప్రాణం మీదికి రాదు. రెండో స్లాట్ తర్వాత చూసుకుంటాడట. బిల్లు రాస్తూ షాపతను నావైపు తిరిగాడు.

"సార్, ఇంట్లో పాత డీడీఆర్4 స్టిక్‌లేమైనా పడున్నాయా? మంచి రేటిస్తా."