కత్తెరకున్న ఇంటిపేరు

చెన్నైలో ఆస్పత్రికి వెళ్లిన తెలుగువాడికి మొదటి ఆపరేషన్ రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరే అయిపోతుంది. మత్తు కూడా ఇవ్వరు. ‘ఇనిషియల్ ఎన్న సార్?’ అన్న ఒక్క ప్రశ్నతో తాతముత్తాతల ఇంటిపేరు తెగి, ఒక అక్షరం, పక్కన ఒక చుక్క మిగులుతాయి. ఆ అక్షరం కూడా నాన్నపేరుదే అనుకుంటారు, అది వేరే సంగతి. అదే మనిషిని థియేటర్లోకి తోసుకెళ్లాక చూడండి. ట్రాలీ మీద పచ్చగుడ్డ పరిచి పేర్చిన ఉక్కు సామానంతా నిండు ఇంటిపేర్లతో దర్జాగా పడుకుని ఉంటుంది: ఆలిస్, బాబ్‌కాక్, కోకర్, మేయో, మెట్జెన్‌బామ్. పేషంటుకు దక్కని వంశగౌరవం పట్టకారుకు దక్కింది. సంతోషించాలి.

వంటింటికి ఈ నాగరికత ఇంకా అబ్బలేదు. అట్లకాడ, చిల్లుల గరిటె... పేరు వింటేనే పని తెలిసిపోతుంది. ఇక చదువుకున్నవాడికీ చదువుకోనివాడికీ తేడా ఏముంది? సర్జరీలో ఆ బెంగ లేదు. ఆలిస్ అనే పట్టకారు కొసన సన్నటి పళ్లుంటాయి, ఓ పక్క ఐదు, ఓ పక్క ఆరు. కండరం మీది గట్టి పొరనో, ఎలాగూ కోసి పారేసే ముక్కనో పట్టుకోవడానికి. బాబ్‌కాక్‌కు పళ్లుండవు. కొస గుండ్రంగా వంగి, మధ్యలో కిటికీలా ఖాళీ ఉంటుంది, పేగును నలపకుండా పట్టడానికి. పిడివైపు నుంచి చూస్తే రెండూ కవలలే. డాక్టర్లిద్దరిదీ ఫిలడెల్ఫియాయే కదా, పోలికలు ఎక్కడికి పోతాయి! లోపలే ఉంచాల్సిన పేగుకు పొరపాటున ఆలిస్ వేశారనుకోండి, పళ్లు దిగిన చోట గోడ నలిగి, రక్తం అందక, కొన్నాళ్లకు చిల్లు పడొచ్చు. ‘పళ్లది’, ‘బోసిది’ అని పిలిస్తే ఈ గొడవుండదు. కానీ అప్పుడు వైవా అనే నోటి పరీక్షలో ఏమడుగుతారు?

కత్తెరల్లోనూ ఇదే పద్ధతి. మెట్జెన్‌బామ్‌కు కాళ్లు పొడుగు, అలుగులు పొట్టి. మెత్తటి పొరలను విడదీయడానికి. దారం కత్తిరించడానికి తిన్నటి మేయో ఉంది. దారానికి మెట్జెన్‌బామ్ వాడితే పదును పోతుంది, ఆ తర్వాతి కేసులో అది కోయదు, నములుతుంది. దారం కత్తిరించేది కొత్త అసిస్టెంటు, తిట్లు తినేది సిస్టరు.

కోకర్‌ది మాత్రం ఉమ్మడి కుటుంబం. థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో నోబెల్ అందుకున్న స్విస్ సర్జన్ ఈయన. ఆయన పేరిట పళ్లున్న క్లాంపు ఉంది. పిత్తాశయం కోసం కుడి పక్కటెముకల కింద పెట్టే కోతా ఆయనదే, మెడ మీద పెట్టే అడ్డకోతా ఆయనదే. చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినమ్‌ను వెనకగోడ నుంచి విడదీసి తిప్పే పద్ధతికీ, జారిన భుజాన్ని ఎక్కించే పద్ధతికీ కూడా ఆయన పేరే. ‘కోకర్’ అని కేకేస్తే ఏ కోకర్ పలకాలో పాపం దానికీ తెలియదు. అసలు కోకరా, కోచరా అన్న దగ్గరే మనవాళ్లకు ఇంకా తెగలేదు.

అందరికీ ఈ యోగం ఉండదు. ప్యారిస్‌లో పనిముట్లు చేసిన షారియేర్ ట్యూబుల మందానికి కొలత పెట్టాడు. ఒక నంబరుకు మిల్లీమీటరులో మూడోవంతు. 16 నంబరు ట్యూబు 5.3 మిల్లీమీటర్లన్నమాట. ఇంగ్లీషు నోళ్లలో పడి ఆయన పేరు పోయింది, ‘ఫ్రెంచ్’ అన్న మాట మిగిలింది. మన కౌంటర్ దగ్గర జరిగిందే ఆయనకూ జరిగింది. ఫోలీది ఇంకో రకం జాతకం. పేరు నిలిచింది, పేటెంటు ఇంకొకరికి పోయింది. మూత్రం తీయడానికి వేసే ఆయన కాథెటర్ ట్యూబు జారకుండా లోపల నిలిపే బెలూన్‌లోకి సెలైన్ కాదు, స్టెరైల్ వాటరే ఎక్కించాలి. సెలైన్‌లోని ఉప్పు పేరుకుని సన్నటి దారి మూసుకుపోతే, తీసే రోజున బెలూన్ దిగదు. ఆ పూట పేషంటు తలుచుకునే పేర్లలో ఫోలీ పేరుండదు.

సుశ్రుతుడైతే 101 యంత్రాలు, 20 శస్త్రాలు చెప్పి ఒక్కదానికీ తన పేరు పెట్టుకోలేదు. సింహముఖం, కాకముఖం, కంకముఖం అంటూ మృగాలకూ పక్షులకూ పంచేశాడు. కొంగ మూతిలా ఉంటే కంకముఖం. చూడగానే అర్థమైపోతుంది. ఇంత అమాయకుడు పైకెలా వస్తాడు?

అలాగని మన దిక్కుకు ఏమీ రాలేదనలేం. కళ్లకలకకు ‘మద్రాస్ ఐ’ అని పేరు. మదురైలో 1842లో వర్ణించిన, పాదం వాచి పుళ్లు పడే జబ్బుకు ‘మదురా ఫుట్’. ఎగ్మూరు కంటి ఆస్పత్రిలో నీటికాసులకు కంట్లో చిన్న రంధ్రం వేసే ఆపరేషన్‌ను పేరులోకి తెచ్చిన ఎలియట్‌కేమో గుండ్రంగా కోసే ట్రెఫైన్ దక్కింది. పనిముట్టు వాళ్లది, పుండు మనది.

గైనకాలజీలో లోపల పరీక్షించడానికి వాడే సిమ్స్ స్పెక్యులమ్ లేనిదే పూట గడవదు. 1840లలో అమెరికాలోని అలబామాలో డాక్టర్ సిమ్స్ బానిస స్త్రీల మీద మత్తు లేకుండా కోసి కోసి చేయి తిప్పుకున్నాడు. అనార్కా అనే ఒక్క అమ్మాయి మీదే సుమారు 30 సార్లు. 2018లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులోంచి ఆయన విగ్రహాన్ని తీసేశారు. మన స్టోరు ఇండెంటులోంచి, అంటే సరుకు కోరే పట్టీలోంచి, తీయడం మాత్రం కుదరదు. పేరు మారిస్తే సరుకు రాదు.

మనవాళ్ల పేరూ ఒక ఫోర్సెప్స్ మీద ఉండాలని పట్టుబట్టేవాళ్లకు దారి లేకపోలేదు. గీకిన చోట తుప్పు పడుతుందని సిస్టరు గొణుగుతుంది, పట్టించుకోవద్దు. చెన్నైలో ఏ స్టీలు పాత్రల కొట్టుకెళ్లినా చిన్న మిషనుతో పేరు చెక్కిస్తారు. మిషను ఆన్ చేసే ముందు కొట్టతను తలెత్తి ఒక్క మాటే అడుగుతాడు: ‘ఇనిషియల్ ఎన్న సార్?’