లడ్డూలు ఎగిరితే నవ్వొస్తుందా? రావాలనే తీశారు

ఈ మధ్య ఒక పోస్టు నాలుగైదు గ్రూపులు తిరిగి నా దాకా వచ్చింది. దాని సారాంశం ఇదీ: "పాత క్లాసిక్‌ల ట్రిక్కులు ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. అప్పట్లో టెక్నాలజీ లేక ఏదో సర్దేశారు. ఇప్పటి పిల్లలు వాటిని చూడలేరు, మనం చూసేదీ చిన్ననాటి మమకారంతోనే. ఆ సీన్లన్నీ కంప్యూటర్లో మళ్ళీ చేయిస్తేనే ఆ సినిమాలు బతుకుతాయి." కింద 'మాయాబజార్' ఫొటో, విందు ముందు కూర్చున్న ఘటోత్కచుడు. ఫొటో ఎంచుకోవడంలోనే తప్పులో కాలేశారు.

ముందు నవ్వు సంగతి. 'వివాహ భోజనంబు' చూసి నవ్వు రాకపోతేనే ఆలోచించుకోవాలి. అది 1957లో కూడా నవ్వించడానికి తీసిన సీనే. లడ్డూలు నిజంగానే ఎగిరి ఎస్వీ రంగారావు నోట్లో పడ్డాయని అప్పటి జనం నమ్మారని అనుకుంటున్నామా? మన తాతలు అంత అమాయకులేం కాదు. కథే మాయల గురించి. పెళ్ళివారి కోసం వండిన వంటకాలను ఒక రాక్షసుడు ముందే లాగించేస్తున్నాడు, విడిదిలో తల్పాలు గిల్పాలుగా, కంబళ్ళు గింబళ్ళుగా మారి ఎదురు తిరుగుతున్నాయి. అక్కడ మాయ మాయలాగే కనిపిస్తే తప్పేముంది? నిజమని నమ్మించాలని చూసి నమ్మించలేకపోయిన ట్రిక్కు పాతబడుతుంది. ఆటపట్టించాలని చేసిన ట్రిక్కుకి ఆ గొడవ లేదు.

"టెక్నాలజీ లేక సర్దేశారు" అన్న మాట మాత్రం నాకు బాగా మంట పుట్టించింది. మద్రాసు వాహినీ స్టూడియోలో కెమెరా వెనక ఉన్నది మార్కస్ బార్ట్‌లీ. ఆ రోజుల్లో ఒకే ఫ్రేములో రెండు దృశ్యాలు కలపాలంటే లెన్సులో సగం మూసి ఒకసారి తీయాలి, ఫిల్మ్ వెనక్కి చుట్టి మిగతా సగం మూసి మళ్ళీ తీయాలి. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు షాట్లూ పాడే. కుదిరిందో లేదో చూసుకోవడానికి మానిటర్ ఉండదు, ల్యాబులో ఫిల్మ్ కడిగి వచ్చేదాకా టెన్షనే. దీన్ని సర్దుబాటు అంటారా? ఇంకో సంగతి. 'లాహిరి లాహిరి' పాటలో వెన్నెల ఆకాశం ఇచ్చింది కాదు, బార్ట్‌లీ ఇచ్చింది. దాన్ని చూసి "పాత ఎఫెక్ట్" అని ఎవరూ నవ్వరు. అది ఎఫెక్ట్ అని తడితే కదా! కుదిరినవి కంటికి ఆనవు, కుదరనివి మాత్రం లెక్కలోకొస్తాయి.

పిల్లల మాటకొస్తే, మా మేనకోడలికి ఎనిమిదేళ్ళు. ఆ సినిమా పెడితే మొదటి పది నిమిషాలు "రంగు లేదేంటి మావయ్యా" అని సణిగింది. లడ్డూల దగ్గర నన్ను మోచేత్తో పొడిచి, "కెమెరా ఆపి పెట్టారు, నాకు తెలుసు" అంది. నిజంగానే తెలుసు. చిటిక వేయగానే డ్రెస్సు మారిపోయే రీల్స్ అది రోజూ చేస్తుంది. కెమెరా ఆపి మళ్ళీ నడిపే ఆ కిటుకుతో ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ 1890లలోనే మనుషుల్ని మాయం చేశాడు. ఈ పిల్లలకి పాత ట్రిక్కు పరాయిది కాదు, సొంత చేతిపని.

అది పగలబడి నవ్వింది మాత్రం ట్రిక్కే లేని చోట. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు 'అహ నా పెళ్ళంట' పాడుతున్నాడు. తెర మీద ఉన్నది సావిత్రి. సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతుగా మారుతుంది, మరుక్షణం ఆ పిల్ల నడకలోకి, భుజాల్లోకి రాక్షసుడు దిగుతాడు. "ఎందుకలా నడుస్తోంది!" అని మా పిల్ల సోఫా మీద దొర్లింది. దానికి ఆ సినిమాతో చిన్ననాటి జ్ఞాపకాలేం లేవు, మమకారం వాదన అక్కడే పోయింది.

ఒకటి ఒప్పుకుంటాను. పాతవన్నీ నిలబడవు. విఠలాచార్య జానపదాల్లో అస్థిపంజరాలు గంతులేస్తుంటే నేనూ ఇబ్బందిగా కదులుతాను. అస్థిపంజరం తీసేస్తే సీనులో చూడ్డానికి ఇంకేమీ మిగలకపోవడమే కారణం. అయినా కాంతారావు కత్తి పట్టుకుంటే ఛానెల్ మార్చలేను, అది నా బలహీనత.

ఇక కంప్యూటర్లో మళ్ళీ చేయడం. 'మాయాబజార్'కి 2010లో రంగులద్దారు. ఇష్టపడ్డవాళ్ళు ఉన్నారు, కానీ నలుపు తెలుపుల్లో చూసేవాళ్ళు మానలేదు. దీనికి అసలు ఉదాహరణ 'స్టార్ వార్స్'. 1977 నాటి ఆ హాలీవుడ్ సినిమాకి దాని దర్శకుడు జార్జ్ లూకాస్ 1997లో కొత్త హంగులు చేర్చి విడుదల చేశాడు. జబ్బా అనే పాత్రని కంప్యూటర్ బొమ్మగా ఇరికించాడు. ఎనిమిదేళ్ళు తిరక్కుండానే అది వెలవెలబోయి, 2004 డీవీడీ కోసం జబ్బాని మళ్ళీ తయారు చేయాల్సి వచ్చింది. మొదటి సీనులో తెరంతా నిండుతూ మన నెత్తి మీదుగా సాగిపోయే అంతరిక్ష నౌక మాత్రం ఇప్పటికీ 1977 సినిమా కోసం చేత్తో చేసిన ఆ బొమ్మే.