రాళ్ల మీద ఫిర్యాదు

గండికోటలో టెంటు వేసుకుందామని ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వచ్చేవాళ్లకు అక్కడి రాళ్లు ఏమాత్రం సహకరించడం లేదు. కడప జిల్లా యంత్రాంగం తక్షణం జోక్యం చేసుకుని బండలను మెత్తబరచాలి.

మొదటి అభియోగం, మేకు దిగనివ్వకపోవడం. టెంటుతో పాటు సంచిలో వచ్చే సన్నటి అల్యూమినియం మేకు మెత్తటి మట్టి కోసం పుట్టింది. బండ మీద రెండు దెబ్బలకే కొక్కెంలా వంగుతుంది. దీనికి తెలిసినవాళ్లు చెప్పే విరుగుడు వినండి: తాడు కొసకు పిడికెడంత రాయి కట్టి, ఆ రాయికీ టెంటుకీ మధ్యలో తాడు మీద పది కిలోల బండ పెట్టాలట. గాలి లాగితే చిన్నరాయి పెద్దదాన్ని తన్నుకుని ఆగిపోతుంది. రాయి అంచుకు ఒరుసుకుని తాడు తెగకుండా గుడ్డపేలిక చుట్టాలి. అంటే ముద్దాయినే కాపలా పెట్టమంటున్నారు! పైగా ఆ రాళ్లను ఒట్టి చేత్తో ఎత్తకూడదు, ముందు కర్రతో దొర్లించాలి, కింద తేళ్ల కాపురాలుంటాయి. ఖాళీ చేయించిన తేలు రాత్రికి బయట విడిచిన బూటులోకి మారుతుంది. పొద్దున్నే బూటు బోర్లించి దులపడం నామోషీ అనుకునేవాళ్లు 108కు ఫోన్ చేసుకోవచ్చు.

రెండోది వేడి. పగలంతా పీల్చుకున్న ఎండను బండ సరిగ్గా పడుకునే వేళకు టెంటు అడుగు నుంచి తిరిగిచ్చేస్తుంది. పెద్ద గుండుకు తూర్పు పక్కన వేస్తే మధ్యాహ్నం దాటగానే నీడ పడి చోటు చల్లబడుతుంది, నిజమే. కానీ సూర్యాస్తమయం ఫొటోలో టెంటు పడదే! అందుకని లోయ అంచునే వేస్తారు. గాలి జోరూ అక్కడే కాబట్టి, మనుషులు చూడని లోయ అడుగును టెంటు చూసిరావచ్చు.

నీళ్ల సంగతి మరీ ఘోరం. అంత కింద లోయలో పెన్న కనబడుతూనే ఉంటుంది, గొంతు తడుపుకోవడానికి చుక్క అందదు. మనిషికి రోజుకు ఐదు లీటర్లయినా జమ్మలమడుగులోనే నింపుకోవాలని, డిక్కీలో స్పీకరు సర్దేశాకే గుర్తొస్తుంది.

ఓర్వకల్లు రాళ్లు కొంత నయం. కర్నూలు–నంద్యాల రోడ్డు పక్కనే నిలబడి, కారు దిగగానే ఫొటోకు ఒప్పుకుంటాయి. బెలుం గుహల్లోకి జీన్సు ప్యాంటుతో దిగినవాళ్లు మాత్రం ఉక్కకు తడిసి ముద్దై, లోపల ఏసీ లేదని ఒక నక్షత్రం తగ్గిస్తారు.

ఇక తారు రోడ్డు దిగితే సర్కారు తుమ్మ ముళ్ల కుట్ర. ట్యూబ్‌లెస్ టైరులో దిగిన ముల్లును అక్కడికక్కడ పీకకూడదు. అలాగే ఉంచితే గాలి మెల్లగా పోతుంది, పంక్చరు షాపు దాకా చేరే వీలుంటుంది. పీకేసిన వీరుడికి స్టెప్నీ కావాలి. అది బొగ్గుసంచి, కుర్చీలు, పరుపు, ఐసు పెట్టె కింద, తనూ గాలి లేకుండా పడుకుని ఉంటుంది. జాకీ బండ మీద జారకుండా కింద చెక్కపలక వేయాలి, ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. కనుచూపు మేర రాళ్లే ఉన్న ఆ చోట, చక్రం కింద ఇమిడే రాయి ఒక్కటీ దొరకదు. దీని మీద కూడా విచారణ జరపాలి.