ఏడడుగులు, మూడేళ్ల కాపురం

పెళ్లిలో వేసే ఏడడుగులు ఏడేడు జన్మలకు. కంప్యూటర్ సపోర్టు ఉద్యోగాలకి తొలిమెట్టు సర్టిఫికెట్ కాంప్‌టియా ఏ ప్లస్. దానికి చదివేవాళ్లకూ ఏడడుగులున్నాయి. అవి లేజర్ ప్రింటర్ అచ్చువేసే దశలు: ప్రాసెసింగ్, చార్జింగ్, ఎక్స్‌పోజింగ్, డెవలపింగ్, ట్రాన్స్‌ఫరింగ్, ఫ్యూజింగ్, క్లీనింగ్. ఈ సప్తపది వరస తప్పకుండా అప్పజెప్పి రెండు పేపర్లూ గట్టెక్కితే సర్టిఫికెట్ చేతికొస్తుంది. కాపురం మాత్రం మూడేళ్లే.

2011కి ముందు పాసైనవాళ్లకు ఈ బెంగ లేదు, వాళ్లది జీవితకాల బంధం. 2010 డిసెంబరులో విండోస్ ఎక్స్‌పీ బట్టీపట్టి పాసైనాయన నేటికీ చిరంజీవి. 2021లో పాసై, ఆనాటి నుంచీ రోజూ అదే పని చేస్తున్న అబ్బాయి మాత్రం ఎక్స్‌పైర్డ్.

పన్నెండేళ్ల అనుభవమున్న క్లౌడ్ ఆర్కిటెక్ట్ గారిని ఊహించుకోండి. 'మీ ఏ ప్లస్ గడువు ముగుస్తోంది' అని మెయిలొచ్చింది. గడువు దాటితే రెండు పేపర్లూ మళ్లీ మొదటి నుంచి రాయాలి. అర్ధరాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు: డ్రమ్ముకి ముందు నెగటివ్ చార్జి, లేజర్ పడ్డచోట ఆ చార్జి తగ్గుతుంది, అక్కడ టోనర్ పొడి అంటుకుంటుంది... "ఏమండీ, మనింట్లో ప్రింటరే లేదుగా?" అని పక్కగదిలోంచి ప్రశ్న. ఆఫీసులో ఉందిలెండి. అది మొరాయిస్తే ఆయన పిలిచేది ఆఫీసు బాయ్‌ని. వేలితో రుద్దితే అక్షరం చెరిగిపోతోందంటే పొడిని కాగితానికి కరిగించి అతికించే ఫ్యూజర్ వేడెక్కడం లేదని, మచ్చ సమానదూరంలో మళ్లీ మళ్లీ పడుతోందంటే డ్రమ్ము మీద గీత పడిందని ఆ బాయ్ చూడగానే చెప్తాడు. అతనికి సర్టిఫికెట్ లేదు కాబట్టి గడువూ లేదు.

పరీక్ష వద్దనుకుంటే క్రెడిట్లున్నాయి, అంటే ఇంకా నేర్చుకుంటున్నామని చూపించే పాయింట్లు. మూడేళ్లలో ఇరవై, పైన ఏడాదికి 25 డాలర్లు. గంట వెబినార్‌కి ఒక క్రెడిట్. మరి ఏడాది పొడుగునా చేసే ఉద్యోగానికి? మహా అయితే మూడు! అంటే కెమెరా ఆపేసి, మ్యూట్‌లో పెట్టి, పప్పులో తిరగమోత వేసుకుంటూ విన్న మూడు గంటలూ, 365 రోజుల చాకిరీ ఒకే తూకం.

తెలిసినవాళ్లు ఈ గొడవే పెట్టుకోరు. గడువులోపు కాంప్‌టియా వాళ్ల పైమెట్టు సర్టిఫికెట్లు నెట్‌వర్క్ ప్లసో సెక్యూరిటీ ప్లసో పాసైతే కింద ఉన్న ఏ ప్లస్ దానంతటదే రెన్యూ అవుతుంది, ఫీజూ అడగరు. మైక్రోసాఫ్ట్ ఇంకాస్త నయం. వాళ్ల అజూర్ క్లౌడ్‌కి ప్రవేశస్థాయి సర్టిఫికెట్ ఏజెడ్-900కి గడువే పెట్టలేదు. పైమెట్టు ఏజెడ్-104కి ఏటా రెన్యువల్ ఉంది, కానీ అది ఉచితం, ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు, ఆరునెలల ముందే తలుపు తెరుస్తారు. మారేది పైమెట్టే, పునాది కాదని ఒక్కరికైనా తట్టింది. డిగ్రీ అయ్యాక పదో తరగతి మెమో రెన్యూ చేయించుకు రమ్మనేవాళ్లెవరు?

అమెరికా రక్షణశాఖ కాంట్రాక్టుల్లో ఉన్నవాళ్ల సంగతి వేరు. అక్కడ ఉద్యోగానికి సెక్యూరిటీ ప్లస్ అడిగితే అది బతికుండాల్సిందే. యాభై క్రెడిట్లు పోగేసుకోండి, వాదన వద్దు.

మిగతావాళ్లకి? నైట్ షిఫ్టులో పాస్‌వర్డులు రీసెట్ చేసే ఎల్-1 (తొలిస్థాయి సపోర్టు) ఉద్యోగానికి 'యాక్టివ్ ఏ ప్లస్ తప్పనిసరి' అని ప్రకటనలో రాసే మహానుభావులకి సిగ్గుండాలి. అమీర్‌పేటలో ఇరుకు హాస్టల్లో ఉంటూ, అమ్మ చీటీ పాడిన డబ్బుతో ఆ పిల్లాడు పరీక్ష రాశాడు. 'మా దగ్గర ఇంతమంది సర్టిఫైడ్' అని క్లయింటుకి చూపించి బిల్లు లాగేది మీరు, రెన్యువల్ డాలర్లు కట్టేది వాడా? డంప్స్ (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) బట్టీపట్టి నిన్న పాసైనవాణ్ణి లోపలికి రానిచ్చి, అయిదేళ్లు టికెట్లు (యూజర్ల ఫిర్యాదులు) పరిష్కరించి మూసినవాడి రెజ్యూమెని తేదీ చూసి చెత్తబుట్టలో వేసే ఆ ఫిల్టర్ పెట్టిందెవరు? ముందు వాళ్లని కూర్చోబెట్టి ఏడడుగులూ వరసగా చెప్పించండి.

ఈలోగా గడువు దాటినవాళ్లు రెజ్యూమెలో 'యాక్టివ్' అనే మాట తీసేయండి, వెరిఫికేషన్ కోడ్ కొడితే దొరికిపోతారు. 'ఏ ప్లస్, 2021' అని పాసైన ఏడాది మాత్రం ఉంచండి. నాలుగైదేళ్ల అనుభవం చేరాక ఆ లైను కూడా తీసేసి, ఆ చోట ఈమధ్య మీరు బాగుచేసిన సర్వర్ గురించి రాయండి.